పట్టుపురుగుల షెడ్డు గుమ్మంలో నేను అనువదించని ప్రశ్న

ముప్పై ఒకటో ఏట రిటైరయ్యానని చెబితే మా అమ్మే నవ్వింది. "రిటైరయ్యేది ముసిలోళ్ళు కదే, నీకు పళ్ళన్నీ గట్టిగా ఉండాయే" అంది. ఏడేళ్ళు చేసిన పనిని మళ్ళీ జన్మలో చెయ్యనని తెలిసినప్పుడు ఇంకే మాట వాడాలో నాకు తోచలేదు.

నా జాగాలో ఇప్పుడు ఒక అమ్మాయి చేరింది. మదనపల్లెలోనే డిగ్రీ చేసిందట. మొన్న ఫోన్ చేసి, "అక్కా, ఈ పనిలో ఏమేం చూసుకోవాలో చెప్పండి" అని అడిగింది. వ్యాన్ డ్రైవర్ నంబరు, మంచి భోజనం దొరికే చోట్లు, బాత్రూములు శుభ్రంగా ఉండే పెట్రోలు బంకులు చెప్పి పెట్టేశాను. అసలు చెప్పాల్సింది చెప్పలేదు. మా పాపకు ఏడో నెల. అది నిద్రపోయాక దొరికే గంటలో, మధ్యమధ్య లేచి దాని ఊపిరి సరిగ్గా ఉందో లేదో చూసుకుంటూ, ఆ చెప్పనిదంతా ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయి కోసమూ, అలాంటి పనుల్లో చేరే మిగతా వాళ్ళ కోసమూ.

పని పేరు, అసలు పని

విదేశీ విశ్వవిద్యాలయం ఒకటి ప్రతి వానాకాలం పద్నాలుగు మంది విద్యార్థులనూ ఒక ప్రొఫెసర్‌నూ మన వైపు పంపిస్తుంది. మూడు వారాల సెమినార్. ప్రపంచీకరణను తరగతి గదిలో కాకుండా మదనపల్లె టమాటా మార్కెట్లో, పుంగనూరు చింతపండు వసారాల్లో, కుప్పం పట్టు షెడ్లలో కళ్ళారా చూసి అర్థం చేసుకోవాలని వాళ్ళ ఉద్దేశం. ఆ ఉద్దేశంలో తప్పు లేదు. పిల్లల్లోనూ చాలామంది మంచివాళ్ళే, నిజంగా తెలుసుకోవాలనే వస్తారు.

ఏర్పాట్లన్నీ బెంగళూరులోని ఒక సంస్థ చూస్తుంది. దాని డైరెక్టర్ చాలా చురుకైన మనిషి. నా ఉద్యోగం పేరు ఫీల్డ్ కోఆర్డినేటర్. ఎవరి ఇంటికి వెళ్ళాలో వెతకడం, వాళ్ళను ఒప్పించడం, వెళ్ళాక అటు ఇంగ్లీషు ఇటు తెలుగు చెప్పడం.

కాగితం మీద అంతే. అసలు పని వేరు. మనల్ని నమ్మి తలుపు తీసే ఇళ్ళు ఏ ఊళ్ళో ఎన్ని ఉన్నాయో, అదే ఆ సంస్థకు మనతో ఉన్న అవసరం. ఆ నమ్మకం మనది. మన అమ్మమ్మ ఊరి పేరు చెప్పి, వాళ్ళ ఇంట్లో ముద్ద తిని, వాళ్ళ పిల్లల పరీక్షల గురించి అడిగి సంపాదించినది. దాన్ని సంస్థ వాడుకుంటుంది. చెడితే మన పేరే చెడుతుంది. చేరే ముందు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

పంటి నొప్పి రైతు

నేను చేరిన మొదటి ఏడాది, మదనపల్లె మార్కెట్లో టమాటా ధర బాగా పలుకుతున్న వారం అది. తంబళ్లపల్లె వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన క్రేట్ల మీద కూర్చుని అందరికీ మైసూర్‌పాకు పంచుతున్నాడు. ప్రొఫెసర్ ఆయన్ని కాసేపు చూసి, నా వైపు తిరిగి, నష్టపోయిన రైతులెవరైనా ఉన్నారా అని అడిగాడు.

"ఏమంటాండాడమ్మా దొర?" అన్నాడు పెద్దాయన.

"నష్టమొచ్చినోళ్ళు ఎవరన్నా ఉండారా అంటాండాడు నాయనా."

"పోయినేడు రావాల్సింది! పోయినేడు ఈడనే రోడ్డు మీద పారబోసి ఏడ్సినా. అప్పుడు ఒక్కడూ రాలేదు. ఈ పొద్దు నేను నవ్వుతాంటే ఈయనకేం కడుపునొప్పి?"

చుట్టూ ఉన్న హమాలీలు పగలబడి నవ్వారు. ఏమన్నాడని ప్రొఫెసర్ అడిగాడు. "ఈ ఏడాది బాగుందంటున్నాడు" అని ఇంగ్లీషులో చెప్పాను. తర్వాత మార్కెట్ అంతా తిరిగి, దిగులు ముఖంతో కూర్చున్న ఒక రైతును పట్టుకొచ్చాను. ఆయనకు రెండు రోజులుగా పంటి నొప్పి. అదీ నేను చెప్పలేదు. ఆయన ఫోటో ఆ ఏడాది వాళ్ళ బ్రోచరు మీద అచ్చయింది.

దీన్ని నేను చాలాకాలం జోకుగా చెప్పుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

పుంగనూరు వసారా

రెండో ఏడాది పుంగనూరులో, చింతపండు గింజ తీసే ఆడవాళ్ళు కూర్చునే వసారాకు తీసుకెళ్ళాను. పిల్లలు చుట్టూ నిలబడి ఫోటోలు తీస్తున్నారు. ఎంతసేపు పనిచేస్తారు, ఏం తింటారు, భర్తలు కొడతారా అని వరుసగా అడుగుతున్నారు. నేను వరుసగా తెలుగులో చెబుతున్నాను. చేతిలో సుత్తి ఆపకుండానే ఒక ముసలామె నన్ను అడిగింది.

"పాపా, నేను వీళ్ళ ఊరికి పోయి, వీళ్ళమ్మ వంటింట్లో నిలబడుకోని, నిన్ను మొగుడు కొడతాడా అని అడిగితే ఊరుకుంటాదా?"

"నిన్ను ముందు ఇమానం ఎక్కించుకోవాల గదమ్మో!" అంది పక్కనున్నామె.

"ఎక్కించుకోకుంటే బస్సులో పోతా లే!"

వసారా అంతా నవ్వింది. పిల్లలూ నవ్వారు, ఎందుకో తెలియకుండానే. ఏమంటున్నారని అడిగారు. "మీరు రావడం సంతోషంగా ఉందంటున్నారు" అన్నాను.

అప్పటికి నాకు అది అలవాటైపోయింది. అటు నుంచి వచ్చే ప్రశ్నలన్నీ ఇటు చేరుస్తాను. ఇటు నుంచి వచ్చేవి నా దగ్గరే ఆగిపోతాయి. రోజు సాఫీగా గడవాలంటే అదే తేలిక. ఏడాది చివర డైరెక్టర్ నన్ను అందరి ముందూ మెచ్చుకుంది, నా గ్రూపుల్లో గొడవలే ఉండవని. నేను ఉబ్బిపోయాను.

మునెమ్మ

గుడుపల్లె మండలంలో మునెమ్మక్క ఊరు. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. ఆ ఊరి ఆడవాళ్ళలో సగం మంది చీకటితోనే లేచి బెంగళూరు రైలెక్కుతారు. అక్కడ ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్లలో ఊడ్చి తుడిచి, చీకటి పడ్డాక ఇంటికి వస్తారు. మునెమ్మక్క కూడా రెండేళ్ళు వెళ్ళింది.

"మా పాప నన్ను ఆదివారం మటుకే వెల్తుర్లో సూసేది పాపా. ఒకరోజు పక్కింటామెను అమ్మా అని పిలిసింది. ఆ పొద్దే అనుకున్యా, ఇంక రైలెక్కేది లేదని" అని చెప్పింది నాకు.

ఇంటి వెనక ఉన్న ముక్కలో మల్బరీ పెట్టి, భర్తతో కలిసి పురుగుల షెడ్డు కట్టింది. షెడ్డు నడిస్తే ఆమె ఇంట్లో ఉంటుంది. నడవకపోతే రైలెక్కాలి. ఆమె బతుకులో అన్నిటికంటే పెద్ద విషయం అదే. అది నాకు తెలుసు. ఒప్పించడానికి వెళ్ళిన మూడుసార్లూ ఆమె ఇంట్లో రాగి సంగటి తిన్నాను.

పట్టుపురుగుల గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. గుడ్లు పగిలినప్పటి నుంచి గూడు కట్టేదాకా పురుగు నాలుగుసార్లు పొర విడుస్తుంది. రైతులు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటాక వారం రోజులు పురుగు రాత్రింబగళ్ళు ఆకు తింటుంది. ఆ వారమే పంట. ఆ వారంలో షెడ్డులోకి బయటివాళ్ళను రానివ్వరు. ఇంట్లో వాళ్ళయినా స్నానం చేసి, బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళూ చేతులూ ముంచి లోపలికి పోవాలి. సెంటు, పౌడరు, సిగరెట్టు, పురుగుమందు, ఏ వాసనా పనికిరాదు. సరిగ్గా ఆ వారమే రావాలని ప్రొఫెసర్ పట్టుబట్టాడు. చిన్న పురుగులు ఫోటోల్లో కనబడవట.

"నీ కోసరం రానిస్తా పాపా. ఇంగెవురడిగినా రానిచ్చేదాన్ని కాదు" అంది మునెమ్మక్క.

సీసా నా సంచిలోనే ఉంది

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

వానాకాలం కాబట్టి డెంగీ భయం. ఇన్సూరెన్స్ వాళ్ళ నిబంధన ప్రకారం, ప్రతి ఫీల్డ్ విజిట్‌కు ముందు విద్యార్థులందరూ దోమల మందు పూసుకున్నట్టు కోఆర్డినేటర్ సంతకం చెయ్యాలి. నేను స్వతహాగానే భయస్థురాలిని. పొద్దున్నే వ్యాన్లో సీసా పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, చేతులకూ మెడకూ కాళ్ళకూ దట్టంగా పూయించేదాన్ని. ఆ రోజూ పూయించాను.

షెడ్డు గుమ్మంలో మునెమ్మక్క రెండు టబ్బుల్లో నీళ్ళు పెట్టుకుని నిలబడింది.

"అందురూ తలకు పోసుకోని వచ్చినారా పాపా? ఏమన్నా పూసుకున్యారా? సెంటు గింటు, పౌడరు, ఇంగేమన్నా?"

ప్రొఫెసర్ నా వైపు చూశాడు, ఏమంటోందని. నేను చెప్పిన జవాబు నాకు అక్షరాలా గుర్తుంది. "వీళ్ళకు పట్టుపురుగు దేవతతో సమానం. స్నానం చేసి, శుద్ధిగా ఉంటేనే లోపలికి రానిస్తారు. ఇక్కడ దీన్ని మడి అంటారు" అని చెప్పాను. ప్రొఫెసర్ ముఖం వెలిగిపోయింది. పుస్తకం తీసి ఆ మాట రెండుసార్లు పలికించుకుని రాసుకున్నాడు. ఆయనకు ఇలాంటివంటే ఇష్టమని నాకు తెలుసు. చదువుకున్నదాన్ని కాబట్టి నాకూ అది మూఢనమ్మకంలాగే కనబడింది. ఒక పనిమంతురాలు తన పని గురించి చెబుతున్న నియమం అది. నేను దాన్ని ఆచారం చేసి, ఫోటోకు పనికొచ్చేలా అలంకరించి ఇచ్చాను.

రెండో ప్రశ్నను అసలు అనువదించనే లేదు. ఆమెకు నేనే జవాబిచ్చాను. "ఏం పూసుకోలేదు లేక్కా."

దోమల మందు సీసా నా భుజానున్న సంచిలోనే ఉంది. ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. సెంటు గురించి అడుగుతోంది, ఈ పిల్లలు సెంటు కొట్టుకోలేదు, అంతే అనుకున్నాను. పిల్లల్నే అడిగి ఉంటే ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు.

బ్లీచింగ్ వాసనకు పిల్లలు ముక్కు మూసుకున్నారు. ఒకరిద్దరు వేలికొసలు ముంచారు. చర్మానికి మంచిది కాదేమో, వద్దన్నాడు ప్రొఫెసర్. "వాళ్ళకు పడదంటక్కా" అన్నాను. మునెమ్మక్క నన్నొకసారి చూసి, టబ్బు పక్కకు జరిపింది. ఇంటికొచ్చిన మనుషుల్ని గుమ్మంలోంచి పంపెయ్యడం ఆమెకు చేతకాదు. చేతనయ్యేది నాకు, నేను చెయ్యలేదు.

లోపల చూసి ఊరుకుంటే ఏమయ్యేదో తెలియదు. చూడ్డం చాలదు, చెయ్యాలి అన్నాడు ప్రొఫెసర్. పద్నాలుగు మందీ ఆ మందు పూసుకున్న చేతులతో ఆకు పట్టుకుని, పురుగులు పరిచిన బెడ్ల మీద చల్లారు. పురుగుల్ని అరచేతిలో పెట్టుకుని ఫోటోలు దిగారు. వెళ్ళేటప్పుడు మునెమ్మక్కకు విశ్వవిద్యాలయం బొమ్మ ఉన్న ఒక గుడ్డ సంచి ఇచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం ఫోను.

"పాపా, పురుగులు తల పైకెత్తి ఆడిస్తాండాయి. ఆకు ముట్టలేదు. పచ్చరసం కక్కుతాండాయి. మందు తగిలితేనే ఇట్లయ్యేది. ఏం పూసుకోనొచ్చినారు వాళ్ళు? నిజం చెప్పు."

నా చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది. సీసా తగిలింది.

"కనుక్కుని చెబుతానక్కా" అన్నాను.

సాయంత్రం ఆమె నా ఫోనుకు ఫోటోలు పంపింది. బెడ్ల నిండా ముడుచుకుపోయిన పురుగులు. మూడో రోజుకు షెడ్డు మొత్తం ఊడ్చి గుంట తీసి పూడ్చారు.

స్లైడు

ఫోటోలు వచ్చిన రాత్రే డైరెక్టర్‌కు ఫోన్ చేశాను. జరిగినదంతా చెప్పాను. ఆమె మొదట అడిగిన మాట, "ఇది ఎక్కడైనా రాతలో పెట్టావా?" అని. లేదన్నాను. "పెట్టకు. దోమల మందు అనే మాట ఎక్కడా రాకూడదు. పట్టు పంటలు అలా పోతూనే ఉంటాయి, ఏ వైరస్సో. రుజువేముంది?"

రుజువుంది అన్నాను. మునెమ్మక్క పంపిన ఫోటోలు రుజువుగా చూపిద్దామని డైరెక్టర్‌కూ ప్రొఫెసర్‌కూ పంపాను.

సెమినార్ చివరి రోజు విద్యార్థుల ప్రదర్శన. హాల్లో దీపాలు ఆర్పారు. ఏడో ఎనిమిదో స్లైడు మీద ఆ ఫోటోలు. మునెమ్మక్క బెడ్లు, ముడుచుకుపోయిన పురుగులు. పైన పెద్ద అక్షరాల్లో శీర్షిక: ప్రపంచ మార్కెట్ ముందు నిస్సహాయంగా నిలిచిన చిన్న ఉత్పత్తిదారు. కింద మునెమ్మ అనే పేరు. తర్వాతి స్లైడు మీద మడి గురించి నేను చెప్పిన మాటలు.

అందరూ చప్పట్లు కొట్టారు. మీరే చంపి, మార్కెట్ చంపిందని రాసుకున్నారేమిటి అని ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన మనిషి హాల్లో వెనక వరసలో కూర్చుని ఉంది. ఆమె కూడా చప్పట్లు కొట్టింది. ఆ మనిషిని నేనే.

ఆ రోజుల్లోనే ఊళ్ళో ఇంకో పంచాయతీ నడుస్తోంది. రైతులకు చిన్న పురుగులు ఇచ్చేది చాకీ కేంద్రం. గుడ్లు పొదిగించి, రెండో జ్వరం దాకా పెంచి ఇస్తారు. అది నడిపే నారాయణప్ప వచ్చి, ఖాళీ షెడ్డు చూసి, శుభ్రం పాటించలేదు, రోగం తగిలింది అని తేల్చేశాడు. ఒక షెడ్డులో రోగం వస్తే పక్క షెడ్లకు పాకుతుంది కాబట్టి, ఇక మునెమ్మకు పురుగులు ఇవ్వనన్నాడు. పక్క రైతులూ సరే అన్నారు. ఊరంతటిలో ఎక్కువ శుభ్రంగా చేసే మనిషికి అశుభ్రం అని పేరు పడింది.

దోమల మందు సంగతి ఫోన్లో మునెమ్మక్క ఒక్కదానికే ఒప్పుకున్నాను. ఆమె నన్ను అడిగింది ఒక్కటే. "నువ్వొచ్చి నారాయణప్ప ముందర ఒక్క మాట చెప్పు పాపా. దోమల మందు పూసుకోనొచ్చిరి, అంతే. నా పేరు నిలబడుకుంటే సాలు, షెడ్డు నేను నడుపుకుంటా."

నేను వెళ్ళలేదు. వద్దంది డైరెక్టర్. సంస్థ బాధ్యత ఒప్పుకున్నట్టవుతుందట. అప్పుడే నాకు పెళ్ళి కుదిరింది, ఉద్యోగం పోగొట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. మునెమ్మక్క నాలుగుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లు ఎత్తాను. తర్వాత ఎత్తలేదు.

ప్లాట్‌ఫారం

మరుసటి ఏడాది డైరెక్టర్ కార్యక్రమంలో కొత్త అంశం చేర్చింది. తెల్లవారుజామున కుప్పం స్టేషన్లో, పనికి పోయే ఆడవాళ్ళతో మాటామంతీ.

పద్నాలుగు మందినీ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టాను. మా వ్యాన్ డ్రైవర్ ఖాదర్ భాయ్ కూడా దిగి టీ తాగుతున్నాడు. ఇరవై ఏళ్ళుగా విదేశీయులను తిప్పుతున్న మదనపల్లె మనిషి. ఒక అమ్మాయి చొరవగా వెళ్ళి, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్న ఒకామె పక్కన కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళేసరికి, ఆమె మునెమ్మక్క.

"ఇదివరకు మీరు ఏం చేసేవారు?" అని అమ్మాయి అడిగింది. చెప్పాను.

"పట్టుపురుగులు పెంచుతాంటి."

"మరి ఎందుకు మానేశారు?"

అదీ తెలుగులో చెప్పాను. మునెమ్మక్క నన్ను చూసింది. పాపా అని పిలిచే మనిషి.

"ఈ మేడంకు తెలుసు. ఈ మేడంనే అడగమను."

అమ్మాయి నా వైపు తిరిగింది, పెన్ను పట్టుకుని. "ఏమన్నారు?"

"ధర పడిపోయిందట" అన్నాను.

అమ్మాయి రాసుకుంది. రైలొచ్చింది. మునెమ్మక్క డబ్బా పట్టుకుని ఎక్కేసింది.

వ్యాన్లో ఖాదర్ భాయ్ పలమనేరు దాటాక అద్దంలోంచి నన్ను చూస్తూ, "బేటీ, ఆయమ్మ చెప్పిందొకటి, నువ్వు చెప్పిందొకటి. ఇరవై ఏండ్లు ఈళ్ళను తిప్పినా, అంత ఇంగ్లీషు నాకూ వస్తాది" అన్నాడు.

"డైరెక్టర్ వద్దన్నారు భాయ్."

"డైరెక్టర్ రైల్లో ఉండాదా? ఆయమ్మ ఉండాది."

మొదటి తప్పు తెలియక చేశానని చెప్పుకోవచ్చు. ఇది తెలిసి చేసింది. ఏడేళ్ళలో నేను చేసిన పనులన్నిటిలో సిగ్గుపడాల్సింది ఇదే.

చేతులు కడుక్కున్నారా?

అప్పుడైనా మానేశానా? లేదు. ఇంకో ఏడాది చేశాను. మానేసింది కూడా నేను కాదు. కడుపుతో ఉన్నవాళ్ళకు ఇన్సూరెన్స్ వర్తించదని సంస్థే పక్కన పెట్టింది. ఏదో ఆత్మగౌరవంతో రాజీనామా చేశానని ఎవరైనా అనుకుంటారేమో, అందుకే చెబుతున్నాను.

పాప పుట్టాక నా భయాలు పదింతలయ్యాయి. చూడ్డానికి వచ్చే ప్రతి ఒక్కరినీ గుమ్మంలోనే, "చేతులు కడుక్కున్నారా?" అని అడుగుతాను. "సెంటు కొట్టుకున్నారా? జలుబుందా?" అని అడుగుతాను. ఒకరోజు మా పెద్దత్త ఆ మాటకు పకపకా నవ్వి, పక్కనున్నామెతో, "సూడమ్మా, ఈ కాలం పిల్ల, ఇంత సదువుకోని మడి కట్టుకుంటాంది" అంది. చెయ్యి కడగకుండానే పాపను ఎత్తుకుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మడేమిటి? నా బిడ్డకు మూడు నెలలు. నేను అడుగుతున్నదానికి కారణం ఉంది, నాకు తెలుసు కాబట్టే అడుగుతున్నాను. దాన్ని తమాషా చెయ్యడానికి ఈమె ఎవరు? అని అరవబోయి ఆగిపోయాను. పద్నాలుగు మంది ముందు ఇదే మాట నేను అన్నాను. గుమ్మంలో నీళ్ళ టబ్బుతో నిలబడిన మనిషి గురించి.

ఆ వారమే ప్రొఫెసర్‌కు ఉత్తరం రాశాను. సీసా గురించి, నేను అనువదించని ప్రశ్న గురించి, స్లైడు గురించి, అన్నీ. రెండు వారాలకు జవాబొచ్చింది. ఇంత లోతైన ఆత్మపరిశీలనను తనతో పంచుకున్నందుకు ధన్యవాదాలట. వచ్చే ఏడాది విద్యార్థులకు దీన్ని చర్చనీయాంశంగా ఇస్తారట. స్లైడు మాత్రం ఇప్పటికీ వాళ్ళ వెబ్‌సైట్లో అలాగే ఉంది. మునెమ్మ పేరుతో సహా.

వాళ్ళకు పురుగులు చచ్చినా పాఠమే, చంపినవాళ్ళు ఒప్పుకున్నా పాఠమే.

చాకీ కేంద్రం

పాపకు ఆరు నెలలు నిండాక ఒక ఆదివారం, మదనపల్లెలో మొదటి బస్సెక్కి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరి, అక్కడినుంచి ఆటోలో వెళ్ళాను. ఆ రోజు చాకీ పురుగులు పంచే రోజని ముందే కనుక్కున్నాను. మునెమ్మక్కకు సెలవు రోజు. ఫోన్ చేసి, స్లైడు సంగతీ చెప్పి, వస్తానంటే, "వస్తే రా" అని పెట్టేసింది. నేను వెళ్ళేసరికి చాకీ కేంద్రం బయట గోడ పక్కన నిలబడి ఉంది. దగ్గరికి రాలేదు.

ఇరవై మంది దాకా రైతులు ట్రేలు పట్టుకుని ఉన్నారు. పాపను చంకన వేసుకుని నారాయణప్ప ముందు నిలబడి, అందరికీ వినబడేలా చెప్పాను. "అన్నా, మునెమ్మక్క పురుగులు రోగంతో పోలేదు. నేను తెచ్చిన పిల్లోళ్ళు చేతులకు దోమల మందు పూసుకుని ఆకేసినారు. పూయించింది నేనే. ఏమన్నా పూసుకున్యారా అని అక్క అడిగింది. లేదని చెప్పింది నేనే."

ట్రేలు సర్దుకుంటున్నవాళ్ళు నా వైపు తిరిగారు.

"ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకోనుంటివమ్మా?" అన్నాడు ఒక ముసలాయన.

నారాయణప్ప తల గోక్కున్నాడు. "ఆయమ్మ అప్పుడే చెప్పింది మందని. యాడుండాదమ్మా సాచ్చం, నీ మాట ఎవురు నమ్ముతారు అన్న్యా నేను" అని, గోడ వైపు తిరిగి గట్టిగా, "మునెమ్మా, వచ్చే విడత నీకూ ఇస్తా. ఎన్ని గుడ్లు?" అన్నాడు.

"యాభై. ముందు యాభైతో సూస్తా" అంది మునెమ్మక్క అక్కడినుంచే. ఒక చిలుక పెట్టిన వందల గుడ్లూ కలిపి వీళ్ళ లెక్కలో ఒక గుడ్డే.

ఆమె ఏడవలేదు, నన్ను పట్టుకోలేదు, దండం పెట్టలేదు. ఇంటికి నడుస్తూ మాత్రం అడిగింది. "ఆడ తెరమీద నా పేరుతో ఏందో పెట్టుండారంటివే, తీసేసినారా?"

తియ్యలేదని చెప్పాను. వచ్చిన జవాబూ చెప్పాను.

"పురుగులు పొయింది నాకి. తెలివొచ్చింది వాళ్ళకి. బాగుండాది" అంది.

నా జాగాలో చేరిన అమ్మాయికి నేను చెప్పగలిగింది ఇదే. ఇటు నుంచి వచ్చే ప్రతి ప్రశ్ననూ అటు చెప్పు. తిట్టినా, ఎగతాళి చేసినా, రోజంతా పాడైపోయినా చెప్పు. నీ గ్రూపుల్లో గొడవలు లేవని ఎవరైనా మెచ్చుకుంటే అనుమానపడు. ఉద్యోగం పోతే పోనీ. నాది ఎలాగూ పోయింది.

ఇంటి వెనక షెడ్డు కడిగి ఉంది. మూడేళ్ళుగా పశువుల మేత నింపిన చోటు అది. నేను వస్తానన్న మాట విని కడిగిందో, ఎప్పుడూ అలాగే పెట్టుకుంటుందో నేను అడగలేదు. గుమ్మంలో అవే రెండు టబ్బులు. మునెమ్మక్క పాప కోసం చేతులు చాచింది. ఇచ్చాను. దాని మెడ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది.

"పిల్లకేం పూసినావు?"

"దోమల మందక్కా. బస్సులో వస్తాం కదా అని, పొద్దున."

మునెమ్మక్క పాప కాళ్ళూ చేతులూ ఇంటి కుళాయి నీళ్ళతో మెల్లగా కడిగి, తన కొంగుతో తుడిచింది. "ఏం పాపా, నాకాడికొచ్చినావా? ఏం పాపా?" అంటూ దాన్ని ఒళ్ళో వేసుకుని వాకిట్లో కూర్చుంది. నేను షెడ్డు లోపలికి చూద్దామని గుమ్మం దాకా వెళ్ళాను.

"పురుగులింకా లేవు కదక్కా?" అన్నాను.

"లేవు. అయినా బయటే కూర్సో."

కూర్చున్నాను.